కుందేళ్ళ పెంపకం: షెడ్డు కన్నా ముందు గిరాకీ చూసుకోండి

ఆడ కుందేలు జత కట్టిన నెల రోజులకి ఈనుతుంది. ఈతకి ఐదు నుంచి ఎనిమిది పిల్లలు. మూడు నెలలు తిరిగేసరికి ఒక్కో పిల్ల రెండు కిలోలు తూగుతుంది. యూట్యూబ్‌లో కుందేళ్ళ మీద వచ్చే వీడియోల్లో చాలావరకు ఈ లెక్కతోనే మొదలవుతాయి. లెక్కలో అబద్ధం లేదు. ఆ రెండు కిలోల కుందేలుని ఎవరు కొంటారు, ఎంతకి కొంటారు అన్న దగ్గరే వీడియో ఆగిపోతుంది.

కోళ్ళు పెంచితే ఊరి సెంటర్లో చికెన్ షాపు ఉంది, రేటు రోజూ పేపర్లో వస్తుంది. మేకలకి వారపు సంత ఉంది. మన రెండు రాష్ట్రాల్లో కుందేలుకి అలాంటి సంత లేదు, రోజువారీ రేటూ లేదు. కొనేవాళ్ళని మీరే ఒక్కొక్కరిగా పోగు చేసుకోవాలి. మూసేసిన కుందేళ్ళ షెడ్లు చాలావరకు రోగంతో మూతపడినవి కావు. అమ్ముడుపోని కుందేళ్ళు దాణా తింటూ కూర్చుంటే, యజమాని జేబు ఖాళీ అయి మూతపడినవి. అందుకే ఈ రాతలో పెంపకం కన్నా అమ్మకానికే ఎక్కువ చోటు ఇస్తున్నాను. 10 ఆడ, 2 మగ కుందేళ్ళతో ఇంటి పక్కనే చిన్నగా మొదలుపెట్టాలనుకునేవాళ్ళకి ఇది పనికొస్తుంది.

1. కేజు కొనకముందు కొనేవాళ్ళని వెతకండి

ముందు ఎంత సరుకు వస్తుందో తెలియాలి. మన ఎండలకి ఏడాదికి నాలుగు ఈతలు, ఈతకి చివరిదాకా బతికేవి ఐదు పిల్లలు అనుకోండి. ఒక్కో ఆడదాని మీద 20, పది ఆడవాటి మీద 200. సగటున వారానికి నాలుగు. వీడియోల్లో చెప్పే ఏడెనిమిది ఈతలు చల్లటి చోట, అనుభవం ఉన్నవాళ్ళకి వస్తే రావచ్చు. మీ లెక్క మాత్రం నాలుగు దగ్గరే పెట్టుకోండి.

వారానికి నాలుగు అమ్మాలంటే నెలకొకటి కొనే కుటుంబాలు 20 కావాలి. లేదా పది కుటుంబాలు, వారానికి రెండు తీసుకునే ఒక హోటల్. మీ ఇంటి నుంచి బండి మీద పాతిక కిలోమీటర్ల లోపు ఇవి దొరుకుతాయా అన్నదే మీ మొదటి పరీక్ష.

ఎక్కడ వెతకాలి? బ్రాయిలర్ వద్దని డబ్బు ఎక్కువ పెట్టి నాటుకోడి కొనే ఇళ్ళలో. మిలిటరీ హోటళ్ళు, హైవే ధాబాల్లో. ఆదివారం ఊరికి వచ్చి తోటలో వండుకునే పట్నం వాళ్ళలో. వీళ్ళని "కుందేలు మాంసం కొంటారా" అని అడిగితే మొహమాటానికి అందరూ ఊఁ అంటారు. ఆ మాట నమ్మి కేజులు కొనకండి. దగ్గర్లో ఇప్పటికే పెంచుతున్న రైతు దగ్గర నాలుగైదు కుందేళ్ళు కొని, శుభ్రం చేయించి, అరకిలో చొప్పున ఇవ్వండి. హోటల్‌కైతే వంట మాస్టర్ చేతికే ఇచ్చి, వేపుడు చేయించి, ఓనరుతో తినిపించండి. తిన్నాక రేటు చెప్పండి. "బాగుంది" అన్నవాళ్ళని లెక్కలోకి తీసుకోవద్దు. "వచ్చే ఆదివారం ఒకటి పంపు" అన్నవాళ్ళ పేర్లు మాత్రం నోటుబుక్కులో రాసుకోండి. ఆ పేర్లు ఇరవై దాటితే షెడ్డు గురించి ఆలోచించండి. ఐదారు దగ్గరే ఆగిపోతే మూడు ఆడ, ఒక మగతో మొదలుపెట్టండి, లేదా ఇంకో ఆరు నెలలు ఆగండి. ఆగినందువల్ల మీకు పోయేదేమీ లేదు.

2. "మేమే తిరిగి కొంటాం" అనేవాళ్ళతో జాగ్రత్త

కుందేళ్ళలో దిగాలనుకునే ప్రతివాళ్ళకీ ఈ ఫోను వస్తుంది. యూనిట్‌కి ఇంత కట్టండి, తల్లులూ కేజులూ దాణా మేమే ఇస్తాం, పిల్లల్ని కిలోకి ఇంతకి మేమే కొంటాం, అగ్రిమెంట్ కూడా రాసిస్తాం అంటారు. వినడానికి టెన్షన్ లేని బేరంలాగే ఉంటుంది.

ఇందులో డబ్బు ఎక్కడి నుంచి వస్తోందో చూడండి. తల్లి కుందేలుని మాంసం ధరకి ఎన్నో రెట్లు ఎక్కువకి మీకు అమ్ముతారు. మీ దగ్గర కొన్న పిల్లల్ని మళ్ళీ తల్లులంటూ కొత్త రైతుకి అమ్ముతారు. కొత్త రైతులు చేరినన్నాళ్ళూ మీ డబ్బు టైముకి వస్తుంది. చేరడం ఆగిన నెల నుంచి ఫోను ఎత్తరు. తినేవాడికి ఒక్క కిలో మాంసం చేరకుండానే వ్యాపారమంతా నడిచిపోతుంది. ఈమూ పక్షుల విషయంలో 2012 ప్రాంతంలో తమిళనాడులో, మన దగ్గర జరిగింది ఇదే. అప్పులు చేసి షెడ్లు వేసినవాళ్ళు చివరికి పక్షులకి మేత పెట్టలేక వదిలేసిన సంగతి చాలా ఊళ్ళకి గుర్తుంది.

అలాంటివాళ్ళు వస్తే మూడు ప్రశ్నలు వేయండి. మా దగ్గర కొన్న కుందేళ్ళ మాంసం ఏ ఊళ్ళో, ఏ షాపులో అమ్ముతున్నారు, ఒకసారి వెళ్ళి చూడొచ్చా? రెండేళ్ళ కిందట చేరిన రైతుల్లో నలుగురి ఇళ్ళకి, మీరు లేకుండా మేమే వెళ్ళొచ్చా? తల్లుల్ని బయట కొనుక్కుని పిల్లల్ని మాత్రం మీకు అమ్మితే ఒప్పుకుంటారా? మూడోదానికి ఒప్పుకోనివాళ్ళకి మీ పిల్లలతో పని లేదు. మీరు కట్టే అడ్వాన్సుతోనే పని.

హైదరాబాద్ ఫార్మా కంపెనీలు ప్రయోగాలకి కుందేళ్ళు కొంటాయని ఇంకో మాట చెబుతారు. ప్రయోగశాలలు రిజిస్టర్ అయిన బ్రీడర్ల దగ్గర, ఆరోగ్య రికార్డులు ఉన్న జంతువుల్నే తీసుకోవాలి. ఇంటి వెనక షెడ్డుకి ఆ దారి లేదు. తోలు, బొచ్చు కూడా అంతే. చిన్న మోతాదులో వాటిని అడిగేవాళ్ళు ఉండరు.

సబ్సిడీ గురించి కూడా చెప్పాలి. జాతీయ పశుసంపద మిషన్ పేరు చెప్పి సగం డబ్బు ప్రభుత్వమే ఇస్తుందని ఎవరైనా అంటే, పశుసంవర్ధక శాఖ ఆఫీసుకి వెళ్ళి ఈ ఏడాది మార్గదర్శకాల్లో కుందేలు ఉందో లేదో కాగితం మీద చూపించమనండి. సబ్సిడీ రాకపోయినా నిలబడే లెక్క అయితేనే దిగండి.

3. మీ రేటు మీరే కట్టుకోండి

ఈ లెక్కలో దాణా కిలో 35 రూపాయలు అనుకుంటున్నాను. మీ ఊరి ధర వేసుకుని మళ్ళీ కట్టుకోండి.

ఒక ఆడ కుందేలు, దానితో పాటు మగదాని ఖర్చులో దాని వాటా కలిపి ఏడాదికి సుమారు 60 కిలోల దాణా. దాన్ని 20 పిల్లల మీద పంచితే పిల్లకి 3 కిలోలు. పాలు మాన్పించినప్పటి నుంచి రెండు కిలోల బరువు వచ్చేదాకా పిల్ల తినేది ఇంకో 6 కిలోలు. మొత్తం 9 కిలోలు, అంటే 315 రూపాయలు. పచ్చిమేత సొంతంగా పెంచి మూడో వంతు తగ్గించగలిగితే 210. మందులు, కరెంటు, కేజుల అరుగుదల, చచ్చిపోయినవాటి నష్టం, మీ కష్టం కలిపి కనీసం 100 వేసుకోండి. రెండు కిలోల కుందేలు మీకు 310 నుంచి 415 దాకా పడుతుంది.

కోస్తే వచ్చేది బరువులో సగం, మహా అయితే 55 శాతం. అంటే కిలో మాంసం చేతికి వచ్చేసరికి మీకు సుమారు 300 నుంచి 400 ఖర్చయిపోయింది. దళారి వచ్చి బతికున్నది కిలో 150కి ఇమ్మంటే మీకు వచ్చేది 300. ఆ బేరం ఒప్పుకుంటే అమ్మిన ప్రతి కుందేలు మీదా నష్టమే.

ఈ లెక్క ఇంకో సంగతి కూడా తేలుస్తుంది. కుందేలు ఎప్పటికీ బ్రాయిలర్ చికెన్‌తో ధరలో పోటీ పడలేదు. చికెన్ రేటు అడిగే కస్టమర్ మీ కస్టమర్ కాడు. నాటుకోడి రేటుకి కాస్త పైన, మటన్‌కి కింద మీ ధర పెట్టుకోండి. ఆ ధర చెప్పడానికి మొహమాటపడకండి. ఊళ్ళో మొదట్లో తక్కువకి అలవాటు చేసి తర్వాత పెంచుదామనుకుంటారు చాలామంది. తక్కువకి వచ్చిన కస్టమర్ ధర పెంచిన రోజే ఆగిపోతాడు.

4. కాగితాలు దగ్గర పెట్టుకోండి

అడవి కుందేలుని, మన ఊళ్ళలో చెవుల పిల్లి అనేదాన్ని, పట్టడమూ చంపడమూ అమ్మడమూ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. మీరు పెంచేది వేరే జాతి. న్యూజిలాండ్ వైట్, సోవియట్ చించిల్లా, గ్రే జెయింట్ లాంటివి యూరప్ నుంచి వచ్చిన పెంపుడు కుందేలు సంతతి. వీటికి ఆ చట్టం వర్తించదు. అయితే దారిలో ఆపిన కానిస్టేబుల్‌కి గానీ, భయపడుతూ కొనే హోటల్ ఓనర్‌కి గానీ ఈ తేడా తెలియకపోవచ్చు. తల్లుల్ని కొన్న రసీదు, షెడ్డు ఫోటోలు, పుట్టుకల రిజిస్టరు ఫోన్‌లో ఉంచుకోండి. గ్రే జెయింట్, చించిల్లా రంగులు అడవి కుందేలుకి దగ్గరగా ఉంటాయి. కొత్తగా అమ్మకం మొదలుపెట్టేవాళ్ళు తెల్లవే ఎక్కువగా పెంచితే ఈ గొడవ సగం తగ్గుతుంది.

మాంసం అమ్మాలంటే కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ దగ్గర రిజిస్ట్రేషన్ చేయించుకోండి. చిన్న వ్యాపారానికి అది పెద్ద ఖర్చు కాదు. ఇంట్లో కోసి అమ్మడం, లైసెన్సు ఉన్న షాపులో కోయించి అమ్మడం రెండింటికీ నిబంధనలు వేరు. మొదలుపెట్టకముందే జిల్లా ఫుడ్ సేఫ్టీ ఆఫీసులో అడిగి తెలుసుకోండి. మాంసం శుభ్రంగా కోయడం, ప్యాకింగ్, కబాబ్ లాంటి తయారీలు నేర్చుకోవాలంటే హైదరాబాద్ చెంగిచర్లలో జాతీయ మాంస పరిశోధన సంస్థ ఉంది. అక్కడ శిక్షణ కార్యక్రమాలు జరుగుతుంటాయి.

5. ఎండని తట్టుకునే షెడ్డు

మన ప్రాంతంలో కుందేలుకి అసలు శత్రువు ఎండ. దానికి చెమట పట్టదు. ఒంట్లో వేడి ఎక్కువగా చెవుల గుండానే పోవాలి. 15 నుంచి 25 డిగ్రీలు దానికి హాయి. 30 దాటితే మేత తగ్గిస్తుంది. 35 దాటి కొన్ని రోజులు ఉంటే మగ కుందేలు వీర్యం దెబ్బతింటుంది. బయటికి ఆరోగ్యంగానే కనిపిస్తుంది, జత కూడా కడుతుంది, ఆడదానికి మాత్రం చూలు నిలవదు. చల్లబడ్డాక మళ్ళీ పనికి రావడానికి దాదాపు రెండు నెలలు పడుతుంది.

అరకు, పాడేరు, మదనపల్లె వైపు వాళ్ళకి ఈ బాధ కొంత తక్కువ. రామగుండం, నంద్యాల, రెంటచింతల ఎండల్లో ఉన్నవాళ్ళు షెడ్డు మీదే బుర్ర పెట్టాలి. రేకుల షెడ్డు అయితే పైన తాటాకు గానీ వరిగడ్డి గానీ మందంగా పరచండి. పడమర వైపు మునగ, అవిశ చెట్లు వేయండి. నీడకి నీడ, మేతకి మేత. మధ్యాహ్నం తడిపిన గోనె పట్టాలు గాలి వచ్చే వైపు కట్టండి, గాలి ఆగకుండా చూసుకోండి. లీటరు బాటిల్లో నీళ్ళు గడ్డకట్టించి కేజులో పెడితే కుందేలు దానికి ఆనుకుని పడుకుంటుంది. మే నెలలో మగవాటికైనా ఇది తప్పనిసరి.

కేజు నేలకి రెండున్నర, మూడు అడుగుల ఎత్తులో ఉండాలి. ఆడ కుందేలుకి రెండున్నర అడుగుల పొడవు, రెండు అడుగుల వెడల్పు, ఒకటిన్నర అడుగుల ఎత్తు సరిపోతుంది. కేజు అడుగున వేసే జాలీ అరంగుళం వెడల్పు, అంగుళం పొడవు కన్నాలతో ఉండాలి. అంతకన్నా పెద్దదైతే పిల్లల కాళ్ళు ఇరుక్కుంటాయి. తీగ పలుచగా ఉంటే తల్లి మడమలు పుండ్లు పడతాయి. కేజు కాళ్ళ కింద నీటి గిన్నెలు పెట్టండి. చీమలు ఎక్కితే బొచ్చు రాని పిల్లల్ని ఒక్క రాత్రిలో చంపేస్తాయి. పాములకీ పిల్లులకీ కుక్కలకీ షెడ్డు చుట్టూ సన్న జాలీ కావాలి.

6. తల్లుల్ని చూసి కొనడం

తమిళనాడులో కొడైకెనాల్ దగ్గర మన్నవనూరులో కేంద్ర గొర్రెలు, ఉన్ని పరిశోధన సంస్థ కేంద్రం ఉంది. అక్కడ మాంసం జాతి కుందేళ్ళ మీద పరిశోధన జరుగుతుంది. అంత దూరం వెళ్ళలేకపోతే మీ జిల్లా కృషి విజ్ఞాన కేంద్రంలో, వెటర్నరీ కాలేజీలో అడిగి, మీలాంటి ఎండలోనే రెండు మూడేళ్ళుగా పెంచుతున్న రైతు దగ్గర కొనడం మేలు. చల్లటి కొండ మీద పుట్టినదాన్ని ఏప్రిల్‌లో తెచ్చి కింద దింపితే తట్టుకోలేదు.

కొనేటప్పుడు కుందేలుని చేతిలోకి తీసుకుని ముందరి పాదాల లోపలి వైపు చూడండి. అక్కడ బొచ్చు జిగురుగా, అట్టకట్టి ఉంటే అది ముక్కు కారుతూ పాదంతో తుడుచుకుంటోందని అర్థం. అమ్మేవాడు ముక్కు తుడిచి చూపించగలడు, పాదాలు కడగాలని మాత్రం అతనికి తట్టదు. ఆ జలుబు షెడ్డంతా పాకే రకం. ఆ కుందేలుని, దాని పక్క కేజులోవాటినీ వదిలేయండి. చెవి లోపల గోధుమరంగు పొక్కులు కడితే గజ్జి. పళ్ళు ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చున్నాయో లేదో చూడండి. పొట్ట కింద చేయి పెడితే మెత్తగా ఉండాలి. నాలుగు నెలల వయసువి కొంటే రెండు నెలలు మీ చేతి కింద అలవాటు పడి అప్పుడు జతకి వస్తాయి. ఒకే తల్లి పిల్లల మధ్య జత పడకుండా మగవాటిని వేరే ఊరి నుంచి తెచ్చుకోండి. కొనడానికి అక్టోబరు, నవంబరు మంచి నెలలు. రాత్రి పూట రవాణా చేయండి.

7. మేత, ఈతలు, రోగాలు: ముఖ్యమైనవి

పెద్ద కుందేలుకి రోజుకి 100 నుంచి 150 గ్రాముల దాణా, పాలిచ్చే తల్లికి 200 దాకా. పచ్చిమేతకి లూసర్న్, హెడ్జ్ లూసర్న్, పిల్లిపెసర, అలసంద, అవిశ, మునగాకు బాగుంటాయి. సుబాబుల్ ఎక్కువైతే బొచ్చు ఊడుతుంది. మంచుకి, వానకి తడిసిన ఆకు వేయకండి. సాయంత్రం కోసి, నీడన వాడ్చి వేయండి. రైతుబజారు నుంచి తెచ్చే క్యాబేజీ ఆకు చవకే, దాంతో కడుపుబ్బరమూ పురుగుమందూ కలిసి వస్తాయి. బూజు పట్టిన వేరుశనగ చెక్క జోలికి పోవద్దు.

జతకి ఎప్పుడూ ఆడదాన్నే మగదాని కేజులోకి తీసుకెళ్ళాలి. మగదాన్ని ఆడదాని కేజులో పెడితే కొట్లాటే. ఒకే రోజు కనీసం రెండు ఆడవాటిని జత కట్టించండి. ఒకదానికి పది, ఒకదానికి మూడు పిల్లలు పుడితే రెండు మూడు రోజుల్లోపు ఎక్కువున్న తల్లి పిల్లల్ని కొన్ని తక్కువున్నదాని దగ్గరికి సర్దేయొచ్చు. జత కట్టిన 27వ రోజున ఎండుగడ్డి వేసిన పెట్టె పెట్టండి. తల్లి తన పొట్ట బొచ్చు పీకి అందులో పరుస్తుంది. ఈనిన పూట చచ్చిన పిల్లలు ఉంటే తీసేయండి. తల్లి రోజుకి ఒక్కసారే, నాలుగైదు నిమిషాలే పాలిస్తుంది. రోజంతా పెట్టెలోకి వెళ్ళకపోయినా కంగారు పడకండి. పొద్దున్నే చూస్తే పిల్లల పొట్టలు గుండ్రంగా, చర్మం కింద పాలు తెల్లగా కనిపించాలి. పొట్ట ముడతలు పడి ఉంటే పాలు అందలేదని గుర్తు.

పెద్ద శబ్దానికి బెదిరి తల్లి పిల్లల్ని తొక్కేస్తుంది, ఒక్కోసారి చంపేస్తుంది. దీపావళి టపాసులకి, పక్కింటి పెళ్ళి డీజేకి ఎదురుగా ఈతలు రాకుండా తేదీలు చూసుకోండి.

ఊళ్ళో డాక్టర్లకి గేదెలు, మేకల అనుభవమే ఎక్కువ. కుందేలుకి మందు రాయించుకునేటప్పుడు ఒక్కటి గుర్తుంచుకోండి: నోటి ద్వారా అమాక్సిసిలిన్, పెన్సిలిన్ జాతి మందులు ఇస్తే కడుపులో ఉండాల్సిన మంచి సూక్ష్మజీవులు పోయి కుందేలే చచ్చిపోతుంది. ఈ మాట డాక్టరు దగ్గర మీరే ప్రస్తావించండి. నెల నుంచి మూడు నెలల పిల్లల్లో కడుపు ఉబ్బి, విరేచనాలతో చచ్చిపోతుంటే ఎక్కువసార్లు అది కాక్సిడియోసిస్, కంటికి కనిపించని పరాన్నజీవులతో వచ్చే రోగం. జాలీ పొడిగా, పెంటికలు కిందికి రాలిపోయేలా ఉంచడమే దానికి సగం మందు. గజ్జికి ఐవర్‌మెక్టిన్ ఇంజెక్షన్ చేసినదాన్ని, డాక్టరు చెప్పిన గడువు దాటేదాకా కోతకి పంపకండి.

8. పండగలు చూసుకుని జత కట్టించండి

కస్టమర్ ఎప్పుడు తింటాడో మన క్యాలెండరే చెబుతుంది. శ్రావణంలో, కార్తీకంలో సగం ఇళ్ళలో మాంసం వండరు. నవంబరు నుంచి జనవరి మధ్య దాకా అయ్యప్ప మాల వేసుకున్న ఇళ్ళూ అంతే. జత కట్టిన రోజు నుంచి కుందేలు సైజుకి రావడానికి నాలుగు నెలలు. ఈ రెండూ కలిపి వెనక్కి లెక్కపెట్టుకోవాలి.

జూలైలో జత కడితే పిల్లలు నవంబరులో సైజుకొస్తాయి. సరిగ్గా కార్తీకం. అందుకే జూలైలో రెండు మూడు ఆడవాటిని మించి జత కట్టించకండి. సెప్టెంబరు మొదటి రెండు వారాల్లో కట్టినవి జనవరి మొదటి, రెండో వారాల్లో, కనుమకి సిద్ధం. కనుమ రోజు మాంసం వండని ఇల్లు తక్కువ, పట్నం నుంచి పిల్లలంతా ఊరికి వస్తారు. మీకు ఏడాదిలో అదే పెద్ద పంట. ఆగస్టు చివర కట్టినవి డిసెంబరు 31 పార్టీలకి. దసరాకి కావాలంటే జూన్‌లో కట్టించాలి, అప్పటికి మగవి ఎండ దెబ్బ నుంచి తేరుకోవు. కాబట్టి దసరా ఆర్డర్లు అడిగినన్ని ఒప్పుకోవద్దు. ఆషాఢ బోనాలకి మార్చి మొదట్లో కట్టించాలి. ఆ పిల్లలు ఏప్రిల్, మే ఎండల్లో పెరగాలి కాబట్టి మంచి షెడ్డు ఉంటేనే ఆ పని చేయండి. మార్చి మధ్య నుంచి జూన్ దాకా తల్లులకి విశ్రాంతి ఇవ్వడం మంచిది.

పదింటినీ ఒకే వారం జత కట్టిస్తే 50 కుందేళ్ళు ఒకేసారి సైజుకొస్తాయి. వారానికి నాలుగు అమ్మేచోట మిగతావి మూడు నెలలు తింటూ కూర్చుంటాయి. సైజుకొచ్చిన కుందేలు వారానికి దాదాపు 800 గ్రాముల దాణా తింటుంది, అంటే 28 రూపాయలు. ఇరవై మిగిలితే వారానికి 560 నష్టం. పైగా మూడు నెలలు దాటిన మగవి ఒకదాన్నొకటి కరుచుకుంటాయి, ఒక్కోదానికి ఒక్కో కేజు కావాలి. రెండు వారాలకోసారి రెండు మూడు చొప్పున కట్టించుకోండి.

9. అమ్మకం

ఇళ్ళకి అమ్మడంలో డబ్బు ఎక్కువ మిగులుతుంది, శ్రమ కూడా ఎక్కువ. వాట్సాప్‌లో కస్టమర్ల లిస్టు పెట్టుకుని బుధవారం ఆర్డర్లు తీసుకోండి, ఆదివారం పొద్దున ఇవ్వండి. ఆర్డరు లేకుండా ఒక్కటి కూడా కోయకండి. కోసి ఫ్రిజ్‌లో పెట్టిన మరుక్షణం బేరంలో మీ చెయ్యి కింద పడుతుంది. కొత్తవాళ్ళకి ఇది ఏ మాంసమో అన్న అనుమానం ఉంటుంది, షెడ్డు చూడటానికి రమ్మనండి. కోత మాత్రం వాళ్ళతో వచ్చిన చిన్నపిల్లల ఎదుట పెట్టకండి. కొందరు హలాల్ చేసిందే కావాలంటారు, కోసే మనిషిని ముందే మాట్లాడుకోండి.

వండే విధానం రాసి ప్యాకెట్‌తో పాటు ఇవ్వండి. ఇది చిన్న పని, తిరిగి వచ్చే కస్టమర్లు దీంతోనే పెరుగుతారు. కోసిన వెంటనే వండితే ముక్క గట్టిగా ఉంటుంది, ఫ్రిజ్‌లో కొన్ని గంటలు ఉంచి వండాలి. కొవ్వు తక్కువ కాబట్టి మటన్‌లా పెద్ద మంట మీద చాలాసేపు వేపితే పీచులా అవుతుంది. పెరుగు పట్టించి, నూనె కాస్త ఎక్కువ వేసి, సన్న సెగ మీద మూతపెట్టి ఉడికించాలి. అడవి కుందేలు తిన్న పెద్దవాళ్ళు ఆ ఘాటు రాలేదంటారు. పెంపుడు కుందేలు రుచి కోడికి దగ్గరగా ఉంటుందని ముందే చెప్పండి. తెల్ల మాంసం, కొవ్వు తక్కువ అని చెప్పండి, అది నిజం. ఉబ్బసం తగ్గుతుంది, మొలలు పోతాయి అని మాత్రం ఎవరు చెప్పమన్నా చెప్పకండి. రోగంతో ఉన్న మనిషి ఆశతో మీకు డబ్బు ఇవ్వడం తప్పు.

హోటల్‌తో ఒప్పందం వేరు. మొదటి రోజే నాలుగు సంగతులు తేల్చుకోండి: తూకం తలతోనా, తల లేకుండానా, కార్జం, గుండె అందులో కలిపా, ఒక్కోటి ఎంత బరువు, డబ్బు ఎప్పుడు. కాటా మీద పెట్టాక "తల తీసేసి తూచు" అంటే కిలోలో మీకు పదో వంతు దాకా పోతుంది, మీ లాభం అంతే ఉంటుంది. "రెండు వారాలకోసారి సెటిల్ చేస్తాం" అంటారు. మొదటి సరుకు డబ్బు చేతికొచ్చాకే రెండోది దించండి. హోటల్ మెనూలో పెడితే ప్రతి వారం సరుకు ఉండాల్సిందే, రెండు వారాలు ఇవ్వలేకపోతే ఆ పేరు కొట్టేస్తారు. మీకు లేని వారం పక్క ఊరి రైతు దగ్గర తెచ్చి ఇచ్చేలా ఇద్దరు ముగ్గురు కలిసి ఉంటే ఒంటరిగా ఉన్నదానికన్నా చాలా బలం.

పెంపుడు జంతువులుగా అమ్మేవాళ్ళకి ఒక మాట. మాంసం పేజీలో బుజ్జి పిల్లల ఫోటోలు పెట్టకండి. ఆ ఫోటో చూసిన ఇంటావిడ ఆ మాంసం వండదు, పెంచుకోవాలని వచ్చినవాళ్ళు కింద రేటు చూసి బాధపడతారు. రెండు పనులూ చేయాలనుకుంటే పేరు, నంబరు, పేజీ వేరు చేయండి. పెట్ షాపు పెట్టాలంటే 2018 నిబంధనల కింద రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డులో రిజిస్టర్ కావాలి. సంక్రాంతి సెలవుల్లో పిల్లల ముచ్చటకి కొని నెల తర్వాత వదిలేసేవాళ్ళే ఎక్కువ. ఏం తింటుందో, ఎన్నేళ్ళు బతుకుతుందో చెప్పి, విన్నాక కూడా కావాలన్నవాళ్ళకే ఇవ్వండి.

పెంటికలని తేలిగ్గా తీసుకోకండి. మేక పెంటికల్లాగే ఎండబెట్టి నేరుగా మొక్కల మొదట్లో వేయొచ్చు. హైదరాబాద్, విజయవాడ, విశాఖలో మిద్దె తోటలవాళ్ళు మంచి ఎరువు కోసం వెతుకుతుంటారు. ఐదు కిలోల సంచుల్లో కట్టి వాళ్ళ గ్రూపుల్లో పెడితే, మాంసం ముట్టని ఇళ్ళవాళ్ళు కూడా మీ కస్టమర్లవుతారు. కార్తీకంలో దాణా ఖర్చుకి ఈ డబ్బు కొంత ఆసరా.

10. ఎప్పుడు పెంచాలి

పుట్టినవి, చచ్చినవి, అమ్మినవి, దాణా బస్తాలు, బాకీలు అన్నీ ఒకే రిజిస్టరులో రోజూ రాయండి. ఇంకో గడి కూడా గీయండి: అడిగినా ఇవ్వలేకపోయిన ఆర్డర్లు. కొత్త కేజులు కొనాలా వద్దా అనేది ఆ గడే తేలుస్తుంది. కార్తీకం, శ్రావణం తీసేసి, మిగతా నెలల్లో వరసగా మూడు నెలలు ఇవ్వలేకపోయిన ఆర్డర్లు వారానికి రెండు దాటితే ఇంకో ఐదు ఆడవాటిని కలపండి. సైజు దాటిన కుందేళ్ళు కేజుల్లో మిగిలిపోతుంటే ఆ నెల జతలు ఆపేయండి. ఈతలు తగ్గిన, పిల్లల్ని సరిగ్గా సాకని తల్లుల్ని ముందుగా తీసేయండి. అవి ముదురు మాంసం కాబట్టి లేత కుందేలు ధరకి ఇవ్వకూడదు. పులుసుకి, ఎక్కువసేపు ఉడికించే కూరకి బాగుంటాయని చెప్పి, కాస్త తగ్గించి అమ్మండి.